ఆరు నెలలు తాళం వేసే విశాఖ ఫ్లాటు: ఏసీ నడుస్తూ ఉండాలా, తేమను ఎలా ఆపాలి?

వాల్తేరు శారద (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా ఫ్లాటు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. నాలుగో అంతస్తు. ఏటా మే మొదట్లో డాలస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లి, నవంబరులో తిరిగి వస్తాం. అంటే సరిగ్గా వానాకాలమంతా ఇల్లు మూసి ఉంటుంది.

పోయిన నవంబరులో తలుపు తీయగానే ముక్కిన వాసన గుప్పున కొట్టింది. పడమటి పడకగదిలో బీరువా వెనక గోడంతా నల్లటి మచ్చలు. తోలు బ్యాగు మీద తెల్లటి నూగు. రెండు పట్టుచీరల మడతల్లో పసుపు చారలు. అన్నిటికంటే బాధ కలిగించింది మా అత్తగారి వీణ. కుండ మీద బూజు పొరలా పట్టింది, తీగల కింది మెట్లను పట్టి ఉంచే మైనం కాస్త జారింది.

ఈసారి అలా వదలదలచుకోలేదు. ఏసీ నడుస్తూ ఉండేలా వదిలి వెళ్లమని ఒకరు, కిటికీలు కొద్దిగా తెరిచి ఉంచమని ఒకరు, డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను నీరుగా తీసేసే యంత్రం) కొనమని ఇంకొకరు చెబుతున్నారు. మా పక్క ఫ్లాటు వాళ్ల దగ్గర తాళం చెవి ఉంటుంది, వారానికోసారి వచ్చి చూడగలరు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మెరీనా రావు (చెన్నై)

శారద గారూ, మాది బెసంట్ నగర్. నాలుగు నెలలు ఊరికి దూరంగా ఉన్నప్పుడు హాల్లో ఏసీ 24 మీద వదిలి వెళ్తాను. ఇన్వర్టర్ ఏసీ కనుక బిల్లు భయపడేంత రాదు. ఇల్లు చల్లగా ఉంటే బూజు రాదు. ఎక్కువ ఆలోచించకండి.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

నాకు ఈ ఏసీ సలహా నచ్చలేదు. మా తాతగారి మండువా ఇంట్లో ఎవరూ లేకపోయినా బూజు పట్టేది కాదు. సున్నపు గోడలు, పైన వెంటిలేటర్లు, మధ్యలో ఆకాశం. గాలి ఆడితే చాలు. పక్కవాళ్లను వారానికి రెండుసార్లు వచ్చి అన్ని కిటికీలూ తెరవమనండి.

ఇటుక సున్నం (హైదరాబాద్)

నేను భవన నిర్మాణ ఇంజనీరును. రావు గారు, గోదారి గట్టు గారు చెప్పిన రెండూ కొన్ని పరిస్థితుల్లో పనిచేస్తాయి. కానీ శారద గారి ఇంటికి, ఆ నెలల్లో, రెండూ బెడిసికొట్టే అవకాశమే ఎక్కువ. కారణం వివరంగా చెబుతాను.

జూలై, ఆగస్టుల్లో విశాఖలో బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. అక్కడ ఇది మామూలు రోజే. అప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 23 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. అదే గాలిని 25 డిగ్రీలకు చల్లబరిస్తే అది మోయగలిగేది కూడా 23 గ్రాములే. అంటే తేమ 100 శాతానికి చేరింది. ఇంకాస్త చల్లబడితే నీరు దిగుతుంది. అదే గాలి 34 డిగ్రీలకు వేడెక్కితే తేమ 61 శాతానికి పడిపోతుంది. నీరు అంతే ఉంది, మారింది ఉష్ణోగ్రత ఒక్కటే.

అందుకే మూసిన ఇల్లు మే నెలలో కుంపటిలా ఉన్నా బూజు పట్టదు. అసలు ప్రమాదం వానలు మొదలై ఇల్లు చల్లబడ్డాక. మీ ఊళ్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు ఎక్కువ, అప్పుడే గోడలు కూడా తడి తాగుతాయి.

ఇప్పుడు ఏసీని 24 మీద వదిలారనుకోండి. గోడలు, బీరువాలు, పుస్తకాలు అన్నీ 24కి చేరతాయి. బయటి గాలి కిటికీ సందుల్లోంచి, ఏసీ పైపు కన్నంలోంచి, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మధ్యనుంచి లోపలికి వస్తూనే ఉంటుంది. అది ఆ చల్లటి వస్తువులను తాకిన చోట చెమ్మ దిగుతుంది. పైగా మనుషులు లేని, వంట లేని ఇంట్లో ఏసీకి పని తక్కువ. ఇన్వర్టర్ ఏసీ అప్పుడు చాలా మెల్లగా నడుస్తుంది, లోపలి కాయిల్ అంతగా చల్లబడదు, నీరు తీయడం తగ్గిపోతుంది. గది చల్లగానే ఉంటుంది, గాలి మాత్రం తడిగా ఉంటుంది. బూజుకు ఇంతకంటే అనువైన చోటు లేదు.

కిటికీలు తెరవడం సంగతి. లోపలి గాలి కంటే బయటి గాలిలో నీరు తక్కువ ఉన్నప్పుడే అది మేలు. జనవరి మధ్యాహ్నం తెరిస్తే ఇల్లు ఆరుతుంది. ఆగస్టు ముసురులో తెరిస్తే నీటిని ఇంట్లోకి పిలిచినట్టే. మండువా ఇల్లు వేరు సంగతి. సున్నపు గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, గాలి పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. సిమెంటు గోడకు ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేసి, అల్యూమినియం కిటికీలు బిగించిన ఫ్లాటులో వారానికి రెండుసార్లు తెరవడం దానికి సాటి రాదు.

గుర్తుంచుకోవలసిన అంకె ఒక్కటే: 60 శాతం. తేమ దానికి లోపు ఉంటే కాగితం, తోలు, కర్ర, బట్ట నిశ్చింతగా ఉంటాయి. 70 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు మొదలవుతుంది.

టాంపా తెలుగు (ఫ్లోరిడా)

ఇక్కడ చలికాలం మాత్రమే ఉండి వేసవికి ఉత్తరాదికి వెళ్లిపోయేవాళ్లు లక్షల్లో ఉంటారు, కనుక ఇది మాకు రోజూ వినే చర్చ. ఇంజనీరు గారు చెప్పిన 60 శాతం మాటే ఇక్కడా చెబుతారు. ఏసీని 77 నుంచి 80 ఫారెన్‌హీట్ మధ్య, అంటే మన లెక్కలో 25 నుంచి 27 డిగ్రీల దగ్గర పెట్టి, దానికి తోడు హ్యుమిడిస్టాట్ అనే తేమ స్విచ్చును అమరుస్తారు. ఫ్యానును తప్పకుండా 'ఆటో' మీదే ఉంచుతారు. 'ఆన్' మీద వదిలితే కంప్రెసర్ ఆగిన తరవాత కూడా గాలి తడి కాయిల్ మీదుగా వీస్తుంది, అంతకుముందు తీసిన నీరే మళ్లీ ఆవిరై గదిలోకి వచ్చేస్తుంది.

అయితే శారద గారూ, మా పద్ధతిని యథాతథంగా తీసుకోవద్దు. ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలు కాగితం అంటించిన జిప్సం పలకలు. కాగితం బూజుకు మంచి తిండి. కనుక ఇల్లంతా పొడిగా ఉంచక తప్పదు. పైగా ఇల్లంతటికీ ఒకే సెంట్రల్ ఏసీ. మీ ఇంట్లో గోడలు ఇటుక, సిమెంటు. వాటి మీద మచ్చలు వస్తే కడిగి రంగు వేసుకోవచ్చు. పోతే తిరిగి రానివి చీరలు, పుస్తకాలు, వీణ. వాటిని ఒకచోట చేర్చి ఆ చోటును కాపాడుకుంటే సరిపోతుంది కదా?

ఇటుక సున్నం (హైదరాబాద్)

టాంపా వారు అసలు మాట చెప్పారు. ఇల్లంతా వద్దు, ఒక గదిని పొడి గది చేయండి.

లెక్క చూడండి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. తేమను 75 నుంచి 60కి తేవాలంటే ఆ గాలిలోంచి తీయవలసిన నీరు ఒక గ్లాసుకు కూడా తక్కువ. కష్టమంతా సందుల్లోంచి వచ్చే కొత్త గాలితోనే. మూడు గంటలకోసారి గది గాలి మారిపోయేంత సందులుంటే రోజుకు లీటరుకు పైగా నీరు తీస్తూనే ఉండాలి. గోడలు, పరుపు, బట్టలు మొదటి వారంలో వదిలేది అదనం. ఈ పని డీహ్యూమిడిఫయర్‌దే, కానీ అది కొనేముందు సందులు మూయాలి. ఆ ఖర్చు వందల్లో ఉంటుంది, ఫలితం మాత్రం యంత్రానికి తక్కువేమీ కాదు.

వాల్తేరు శారద (విశాఖపట్నం)

ఒకే గది అన్న మాటతో మనసు తేలికపడింది. మా ఇంట్లో మధ్య పడకగదికి ఒకవైపు మాత్రమే బయటి గోడ, అదీ తూర్పు. దానికి బాత్రూం ఆనుకుని ఉంది. వాన మొత్తం కొట్టేది పడమటి గది గోడకు. కనుక మధ్య గదినే ఎంచుకుంటాను. ఇక వీణ సంగతి. ఆ గదిలో చల్లదనం లేకపోతే మైనం మళ్లీ జారుతుందేమోనని భయం.

పనసకర్ర (బొబ్బిలి)

శారదమ్మా, మాది గొల్లపల్లికి దగ్గర, వీణలు చేసే ఇళ్ల మధ్య పెరిగాను. మీది ఒకే పనస దుంగ తొలిచి చేసిన ఏకాండి వీణ అయితే అతుకులు విడిపోతాయన్న బెంగ తక్కువ. అతుకుల వీణ అయితే తేమ ఒక్కసారిగా పడిపోవడం కూడా చేటే. మరీ 40 శాతానికి ఆరబెట్టవద్దు. 55, 60 మధ్య నిలకడగా ఉండటం వీణకు హాయి.

మైనం విషయం: మెట్ల కింద మైనంలో బొగ్గుపొడి కలుపుతారు. అది కరిగి కారిపోవాలంటే అరవై డిగ్రీలు దాటాలి. కానీ 38, 40 దగ్గరే మెత్తబడుతుంది, అప్పుడు తీగల బిగువు మెట్లను పక్కకు నెడుతుంది. ఎండ తగిలే గోడకు ఆనించి ఉంటే అదే జరుగుతుంది. తీగలను రెండు మూడు స్వరాలు దించి వదిలేయండి. పూర్తిగా విప్పవద్దు, కుండ మీద తీగలను మోసే గుర్రం కదిలిపోతుంది. పాత నూలు పంచెలో చుట్టి, నేల మీద కాకుండా బల్ల మీద, లోపలి గోడ పక్కన పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టవద్దు. మెట్లు జారితే వాటిని మళ్లీ అమర్చి మేళం కట్టించుకోవచ్చు, కర్రకు పట్టిన బూజు లోపలికి దిగితే నాదమే పోతుంది.

చల్లగాలి మెస్త్రి (కాకినాడ)

నేను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. సముద్రపు ఒడ్డున పనిచేసేవాణ్ని కాబట్టి కొన్ని మాటలు చెప్పాలి.

డీహ్యూమిడిఫయర్ కొనేటప్పుడు అరచేతిలో పట్టేంత చిన్నవాటి జోలికి వెళ్లకండి. వాటిలో కంప్రెసర్ ఉండదు, రోజంతా నడిచినా టీ కప్పులు నింపడమే గగనం. లోపల కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి. దానికి వెనక పైపు తగిలించే నాళం ఉండాలి. తొట్టి ఒక్కటే ఉంటే అది నిండగానే యంత్రం ఆగిపోతుంది, మీరు డాలస్‌లో ఉంటారు.

అంతకంటే ముఖ్యం, కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మొదలవ్వాలి. తిప్పే గుండీ ఉన్న రకాలు సాధారణంగా మొదలవుతాయి. మీటలు నొక్కే రకాల్లో కొన్ని ఆగి అలాగే ఉండిపోతాయి. దుకాణంలోనే ప్లగ్గు స్విచ్చు ఆపి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ వేయించి చూడండి. కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేయనిదే డబ్బు ఇవ్వకండి. గోడ ప్లగ్గులోనే నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. బోర్డులో ఆ గది బ్రేకరు మాత్రం వేసి ఉంచి తక్కినవి దించేయండి.

ఇంకొకటి. చాలామంది ఏసీని 'డ్రై' మీద పెట్టి వెళ్తే చాలు అనుకుంటారు. మామూలు స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి తేమను కొలిచే పరికరమే ఉండదు. డ్రై అన్నా అది చూసేది ఉష్ణోగ్రతనే.

వెళ్లే ముందు ఏసీని కూల్ నుంచి ఫ్యాన్ మీదకు మార్చి గంటసేపు నడిపి, అప్పుడు ఆపండి. తడి కాయిల్‌తో ఆపేస్తే లోపల బూజు పెరిగి, మీరు వచ్చి వేయగానే ఆ వాసన గదంతా నిండుతుంది. బయటి యూనిట్‌ను మంచినీళ్లతో కడిగించండి. కాయిల్ రేకుల మీద పేరుకున్న ఉప్పు గాలిలోని తడిని పీలుస్తుంది, రేకులను తినేస్తుంది. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల చెమ్మ చిక్కుకుంటుంది, ఎలుకలు కాపురం పెడతాయి. నీరు కారే పైపు చివర సన్నటి జాలీ కట్టండి.

మెరీనా రావు (చెన్నై)

నా సలహాకు ఇంత జవాబు వస్తుందనుకోలేదు, చాలా విషయాలు తెలిశాయి. మా హాలు ఒకవైపే తెరుచుకుంటుంది, కిటికీలకు రబ్బరు అంచులు ఉన్నాయి, బహుశా అందుకే నాకు ఇబ్బంది రాలేదు. రెండు సందేహాలు. డీహ్యూమిడిఫయర్ గదిని వేడి చేస్తుంది కదా, వీణ ఉన్న గదిలో అది మంచిదేనా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటిది మళ్లీ వస్తే?

ఇటుక సున్నం (హైదరాబాద్)

రెండూ అడగవలసిన ప్రశ్నలే. యంత్రం 250 వాట్లు తీసుకుంటుందనుకుందాం. సందులు మూసిన గదిలో అది మూడింట ఒక వంతు సమయమే నడుస్తుంది. సగటున 80 వాట్ల వేడి, అంటే గది ఒకటి రెండు డిగ్రీలు పెరగవచ్చు. రోజుకు రెండు యూనిట్ల లోపే కరెంటు. మే, జూన్‌లలో గది ఎలాగూ వేడిగా ఉండి తేమ శాతం తక్కువగా ఉంటుంది కనుక, 60 మీద పెట్టిన యంత్రం ఆ రెండు నెలలూ చాలావరకు ఊరుకుంటుంది. అది బాగా పనిచేసేది వానలు పడి గది చల్లబడ్డాక. కనుక మైనానికి ప్రమాదం వచ్చే నెలలు వేరు, యంత్రం ఎక్కువగా నడిచే నెలలు వేరు. తూర్పు కిటికీకి లోపలి వైపు మందపాటి తెర వేసి, వీలైతే బయట వెదురు చాప కూడా కట్టించండి. మే ఎండకు అది చాలు. ఆ గదిలో ఏసీ అవసరం లేదు.

తుపాను వచ్చి కరెంటు పోతే గది వెంటనే చెడిపోదు. సందులు మూసి ఉంటే తేమ మెల్లగా ఎక్కుతుంది. వారం రోజులు 75 దగ్గర ఉన్నా, కరెంటు రాగానే యంత్రం దించేస్తే పెద్ద నష్టం ఉండదు. నెలల తరబడి నిలిచిన తేమే వస్తువులను పాడు చేసేది. కరెంటు లేని రోజుల కోసం బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టండి. అసలు భయం తుపాను వానకు కిటికీ చట్రం కింద నుంచి నీరు దూరడం. వెళ్లే ముందు బయటి వైపు ఆ అంచులను సిలికాన్‌తో పూడ్పించండి. సన్‌షేడ్ మీద, బాల్కనీలో నీరు పోయే కన్నాల్లో ఆకులు లేకుండా చూడండి.

నేత పట్టు (ధర్మవరం)

అక్కా, చీరల గురించి. జరీ ఉన్న చీరలను ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి, గంజి లేని తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. వేపాకు వేసేటట్టయితే గలగలలాడేలా ఎండాకే వేయాలి, వాడిన ఆకులో ఉన్న తడి చాలు మచ్చ పడటానికి. వసకొమ్ము ముక్కలు గుడ్డలో కట్టి పెట్టవచ్చు. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. గది పొడిగా ఉంది కనుక ఆ పొడి గాలి చీరలకు కూడా అందాలి.

తేమ మీటరు గురించి ఎవరూ రాయలేదు. చవకవి ఐదు నుంచి పది అంకెల తేడా చూపిస్తాయి. ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత మాత్రమే నీళ్లు చుక్కలు చుక్కలుగా కలపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతను, మీటరును ఒకే జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూసి, రాత్రంతా కదపకుండా వదలండి. పొద్దున మీటరు 75 చూపాలి. 69 చూపితే మీ మీటరు ఆరు తక్కువ చెబుతోందని అర్థం, అది కలుపుకుని చూసుకోండి. మా నేత గదిలో నేను ఇలాగే చూసుకుంటాను.

వాల్తేరు శారద (విశాఖపట్నం)

ఉప్పు పరీక్ష ఈ రాత్రే చేస్తాను. మీటరును గది తలుపు తీయగానే కనబడేలా పెట్టి, పక్కింటి వారిని వారానికోసారి దాని ఫోటో తీసి పంపమంటాను. తలుపు ఒక్క క్షణం తీసి మూస్తే చాలు.

మిగిలిన ఇంటి సంగతి కూడా చెప్పండి. పోయినసారి బాత్రూంలలో మురుగు వాసన, బొద్దింకలు. ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ ఏం చేయాలి?

చల్లగాలి మెస్త్రి (కాకినాడ)

బాత్రూం నేలలో నీరు పోయే జాలీ కింద ఉండే నహాని ట్రాప్‌లో నిలిచిన రెండంగుళాల నీరే మురుగు గాలిని ఆపేది. నెలల్లో అది ఆవిరైపోతుంది, దారి తెరుచుకుంటుంది. నిండా నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర ఉంటే నీరు ఆవిరి కాదు. మధ్య గది బాత్రూంలోనూ ఇలాగే చేయండి, మే, జూన్‌లలో యంత్రం చాలావరకు ఊరుకుంటుంది కదా. డీహ్యూమిడిఫయర్ పైపును ఆ ట్రాప్‌లోకే వదిలితే వానలు పడ్డాక అదే నీరు పోస్తుంది. కమోడ్ మూత వేసి, పైన పాలిథీన్ బిగించండి.

ఫ్రిజ్ ఖాళీ చేసి, మంచు కరిగించి, లోపల పొడిగుడ్డతో తుడిచి, తలుపు మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి తెరిచి ఉంచండి. తలుపు మూస్తే రబ్బరు మడతల్లో నల్లబూజు ఖాయం.

ఇటుక సున్నం (హైదరాబాద్)

లెడ్ యాసిడ్ బ్యాటరీని ఆరు నెలలు చార్జింగ్ లేకుండా వదిలితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ప్రాణం పోతుంది. ఆరు నెలలూ చార్జింగ్‌లోనే వదిలితే నీరు తగ్గిపోతుంది, చూసేవారు ఉండరు. వెళ్లే ముందు గుర్తు దాకా డిస్టిల్డ్ వాటర్ పోయించి, పూర్తిగా చార్జ్ చేసి బ్రేకరు దించేయండి. పక్కింటి వారిని నెలకోసారి వచ్చి ఒక పగలు వేసి సాయంత్రం దించమనండి. ఇంటి నీటి వాల్వు కట్టేయడం మరవకండి. పైపు కారితే ఏ యంత్రమూ ఆరబెట్టలేదు.

వాల్తేరు శారద (విశాఖపట్నం)

ఒక చిన్న సందేహం మిగిలింది. పైపు బాత్రూంలోకి వెళ్లాలంటే తలుపు కింద సందు ఉండాలి. దాన్ని కూడా మూయమన్నారు కదా?

చల్లగాలి మెస్త్రి (కాకినాడ)

తలుపు కింద రబ్బరు పట్టీ అంటించి, ఒక మూల పైపు పట్టేంత మేర కోయండి. పైపు చుట్టూ మిగిలిన ఖాళీలో స్పాంజి ముక్క కుక్కండి. బాత్రూం ఎగ్జాస్ట్ రెక్కలకు లోపలి నుంచి పాలిథీన్ అంటించండి. యంత్రాన్ని స్టూలు మీద ఎత్తులో పెట్టండి, పైపు ఎక్కడా పైకి లేవకుండా వాలుగా దిగాలి, చివర ట్రాప్ నీటిలో మునగకుండా జాలీ పైనే ఆగాలి. ఏప్రిల్ నెలాఖరులో మీరు ఇంట్లో ఉండగానే గది మూసి ఒక వారం నడపండి. ఆ నాళ్లలో నీరు తక్కువ వస్తుంది కనుక ఒక బకెట్ తడిబట్టలు ఆ గదిలో ఆరేసి, పైపు నుంచి చుక్క పడుతోందో లేదో కళ్లారా చూసుకోండి.

వాల్తేరు శారద (విశాఖపట్నం)

అలాగేనండి. రేపు కిటికీలకు సిలికాన్ వేయడానికి మనిషిని పిలిచాను. ఆ తరవాత యంత్రం కొని, తేమ మీటరు ఏం చూపిందో ఇక్కడే రాస్తాను.